సగం గుడారం

సెప్టెంబర్ 3, బుధవారం

వాన తెరిపి ఇవ్వడం లేదు. సాయంత్రం తాండూరు నుంచి వికారాబాద్‌కి ప్యాసింజర్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఎడమ చెవి కిటికీ వైపు, కుడి చెవి మనుషుల వైపు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ మాట్లాడలేదు.

గదికి వచ్చి బీరువా మీద నుంచి గుడారం బట్ట దింపాను. రెండేళ్ల మడతలు. బూజు వాసన. బట్ట నా దగ్గర, కడ్డీలు యూసుఫ్ భాయ్ దగ్గర. తొమ్మిదేళ్ల కిందట కొన్న రోజే పెట్టుకున్న పద్ధతి — నాలుగు కిలోల పైచిలుకు బరువు ఒకరి మీదే పడకూడదని. "గిట్ల సగం సగం పంచుకుంటే నువ్వొక్కనివి యాడికీ ఉరకవు" అన్నాడు అప్పుడు. ఆయన భార్య రజియా భాభి నవ్వింది. ఆమె ఉన్నంతకాలం మా ఇద్దరికీ రొట్టెలు మూట కట్టి పంపేది.

దసరా తర్వాత గుట్ట మీద పడుకోవడానికి పోవాలి. బట్ట ఒక్కటే నిలబడదు. అడిగితే కడ్డీలు ఇస్తాడు. అడగాలి కదా.

సెప్టెంబర్ 4, గురువారం

అడగలేదు. స్టేషన్ నుంచి నేను పనిచేసే నాపరాళ్ల పాలిష్ యూనిట్‌కి వెనక సందులోంచే వెళ్లాను. పది నిమిషాల దారి ఇరవై అయింది. బస్టాండ్ రోడ్డు మీద ఆయన దుకాణం. ఆటో సీట్లు, టార్పాలిన్లు కుడతాడు. ఆ రోడ్డు మీద నడిచి ఏడాది దాటింది.

సెప్టెంబర్ 6, శనివారం

ఫోన్‌లో గుడారాలు చూస్తున్నాను. ఒక్క మనిషి పట్టేవి.

ఇన్ని రకాలుంటాయని తెలియదు. ఒకటి తొమ్మిది వందల గ్రాములే. దానికి కడ్డీలు ఉండవు, మన చేతికర్రే స్తంభం. ఇంకొకటి మరీ సన్నం — శవపేటికకు జిప్ పెట్టినట్టు ఉంది, అందులో దూరి ఒక తెల్లవాడు నవ్వుతున్నాడు. మూడోది రెండు కడ్డీలు అడ్డంగా వంచి నిలబెట్టేది, కిలోన్నర. బట్ట ఒక పొరా రెండు పొరలా అనేది ఇంకో గొడవ. ఒక పొర అయితే తేలిక. కానీ తెల్లారేసరికి మన ఊపిరే నీళ్లై మీద పడుతుందట.

మొదట ఫోన్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఎంతమందికి? కింద ఒకటి, రెండు, మూడు, నాలుగు. నా వేలు రెండు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఒకటి నొక్కడానికి చాలా సేపు పట్టింది. యాభై ఒక్క ఏళ్లవాడిని. పెళ్లి మాట నలభై దాటాక ఎవరూ ఎత్తలేదు. గదిలో ఒక కంచం, ఒక గ్లాసు. అన్నీ ఒకటే అయినప్పుడు గుడారానికి ఏమిటి ఇంత మొహమాటం?

సెప్టెంబర్ 9, మంగళవారం

యూనిట్ ఆఫీసులో లెక్కలు రాసే స్వప్నకి చూపించాను. ఆర్డర్ పెట్టడం నాకు రాదు. ఆ పిల్లకి ఇరవై ఏడేళ్లు, నన్ను కాకా అంటుంది.

"ఒక్కలకా? ఇద్దరిది తీస్కో కాకా. సామానన్న పెట్టుకోవచ్చు."

"ఇద్దరిది బరువు."

"గా యూసుఫ్ చాచా రాడా? ఎప్పుడూ మీరిద్దరే కద పోయేది."

రాడని చెప్పాను. ఆమె నా ఎడమ పక్కకు వచ్చి ఇంకేదో అడిగింది. తల ఊపాను. కాసేపటికి నాకు రెండో టీ వచ్చింది.

వినబడకపోతే తల ఊపడం... ఈ రెండేళ్లలో దేనికి దేనికి ఒప్పుకున్నానో నాకే తెలియదు. మే నెలలో స్వప్న వాళ్ల చిన్నాన్న కొడుకు పెళ్లికి పరిగి వస్తానన్నానట. కారు ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాక తెలిసింది. వెళ్లి తిని వచ్చాను. పప్పుచారు బాగుంది.

సెప్టెంబర్ 10

తలుపు ఏ వైపు ఉంటుందో ఏ పేజీలోనూ సరిగ్గా రాయరు. నాకు అన్నిటికంటే కావలసింది అదే.

సెప్టెంబర్ 13, శనివారం

తలుపు సంగతి. తల గుట్ట వైపు పెట్టి వెల్లకిలా పడుకుంటే తలుపు కుడి పక్కకు రావాలి. నక్క వచ్చినా, మనిషి వచ్చినా, అడవి పందులు వచ్చినా కుడి చెవికే తెలుస్తుంది. ఎడమది చచ్చిపోయింది. ఈ ముక్క ఇంతవరకు ఎక్కడా రాయలేదు. నా డైరీలోనే రాయలేదు, చూడు.

చెవి డాక్టర్ చెప్పి రెండేళ్లు కావస్తోంది. "మిషన్ల మోత. ఎడమ చెవి చాలావరకు పోయింది. కుడిదాన్నయినా కాపాడుకోండి." ఆ కాగితం ఈ డైరీ అట్ట లోపల ఉంది. ఎవరికీ చూపలేదు. నాపరాయి పలకని సుత్తితో తట్టి, మోగితే మంచిది, బొంగురుగా పలికితే లోపల పగులు ఉన్నది అని చెప్పడం నా పని. ముప్పై ఏళ్లుగా అదే. చెవి పోయినవాడికి ఆ పని ఎవరిస్తారు?

ఇదివరకు గుట్ట మీద నాకు చెవుల చింత లేదు. భాయ్ ఎడమ పక్క పడుకునేవాడు. "నక్కలే, పండుకో" అనేవాడు. పండుకునేవాడిని.

సెప్టెంబర్ 14, ఆదివారం

నిన్న మొదలుపెట్టాను కాబట్టి ఇది కూడా రాసి పారేస్తాను.

పోయిన ఏడు రంజాన్ ముందర భాభి పోయింది. నలభై రోజులయ్యాక భాయ్ యూనిట్‌కి వచ్చాడు. సమాధి తల దగ్గర నిలబెట్టడానికి ఒక పలక కావాలి. "నువ్వే సూడు అంజీ. నీకంటె ఎవలకు తెలుస్తది" అన్నాడు. పలకలు పేర్చిన దొడ్డంతా తిరిగి నీలం పలక ఒకటి ఎంచాం. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు, జ్వరం చూస్తున్నట్టు.

పలక తట్టేటప్పుడు కుడి చేతిలో సుత్తి, ఎడమ చెవి వంచడం — ముప్పై ఏళ్ల అలవాటు. డాక్టర్ చెప్పినప్పటి నుంచి మార్చుకున్నాను. సుత్తి ఎడమ చేతికి, చెవి కుడిది. ఎవరూ గమనించకుండా నేర్చుకున్నాను. కానీ ఆ రోజు ఆయన ఏడుస్తున్నాడు. నాకూ కళ్లు మసకలుగా ఉన్నాయి. చెయ్యి దాని పాత దారిన అది పోయింది. కుడి చేత్తో తట్టాను, ఎడమ చెవి వంచాను. తప్పేమీ వినబడలేదు. అసలేమీ వినబడలేదు.

"ఖంగుమంటున్నది భాయ్. నూరేళ్లుంటది" అన్నాను.

మొదటి వానలకే నీళ్లు దిగి పలక ఏటవాలుగా పగిలింది. సరిగ్గా ఆమె పేరు మీదుగా.

ఆయన యూనిట్ గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. "నీకు ఇనవడలేదా అంజీ?" అని అడిగాడు. అంతే అడిగాడు. లేదు భాయ్, వినబడలేదు — ఈ మూడు మాటలు చెబితే సరిపోయేది. నేనేమన్నాను? "రాయి కద భాయ్. ఒక్కోపారి అంతే."

రాయి ఒక్కోసారి అంతే కాదు. ఆ సంగతి తాండూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్లావిడ రాయిని నేను అలవోకగా తట్టి పంపేశానని అనుకుంటున్నాడు. అనుకోకేం చేస్తాడు.

సెప్టెంబర్ 17, బుధవారం

స్వప్న ఆర్డర్ పెట్టింది. చేతికర్రతో నిలబెట్టేది, తొమ్మిది వందల గ్రాములు. ఆకుపచ్చ. "నారింజ రంగు తీస్కో, తప్పిపోతే దొరుకుతవు" అంది. వెతికేవాళ్లు ఉండాలి కదా అన్నాను. ఆమె నవ్వలేదు.

సెప్టెంబర్ 22, సోమవారం

గుడారం వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళ మిషన్లు ఆపాక దొడ్లో వేసి చూద్దామన్నాను. మా దొడ్లో నేలంటే నేల కాదు. బెత్తెడు దుమ్ము కింద పరుపులాగా రాయి. మొదటి మేకు వంగింది. రెండోది ఎగిరి నాతో పనిచేసే లింగప్ప టిఫిన్ డబ్బాకు తగిలింది. ఈ గుడారానికి మేకులు దిగకపోతే చేతికర్ర కూడా నిలబడదు, అన్నీ తాళ్లతో లాగి కట్టాల్సిందే.

లింగప్ప పలకల తునకలు మోసుకొచ్చాడు. నాలుగు మూలలకి నాలుగు, ముందొకటి, వెనకొకటి. తాళ్లు వాటికి కట్టాం. నిలబడింది.

"ఎంత బరువన్నవ్ అంజన్నా?" అని లింగప్ప అడిగాడు.

"తొమ్మిది వందల గ్రాములు."

"ఈ బండలు అరవై కిలోలుంటయ్. అవి గూడ మోస్తవా గుట్టకి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాళ్ల మీద బతికేవాడిని, ముందే తట్టొద్దా ఈ సంగతి? గుట్ట మీద మేం పడుకునే చోటు, బాలమ్మ చేను పైన కూడా అంతే. ఎర్రమట్టి జానెడు, కింద రాయి. భాయ్‌తో వెళ్లినప్పుడు మేకులు కొట్టిన గుర్తే లేదు. ఆ పాత గుడారం దానంతట అదే నిలబడేది. కడ్డీలు ఉండేవి.

పడుకుని చూశాను. తలుపు ఎడమ పక్కకు వచ్చింది.

సెప్టెంబర్ 23

వాపసు పంపేశాం. కడ్డీలున్నది స్వప్న ఆర్డర్ పెట్టింది. కిలోన్నర. మేకులు లేకున్నా నిలబడుతుంది, రెండు పొరలు. తలుపు ఎటు కావాలంటే అటు వచ్చేలా తిప్పుకుని వేసుకోవచ్చట. ఇద్దరిలో ఒకరు పట్టుకోనక్కర లేదు, ఒక్కరే వేసుకోవచ్చు అని రాశారు. అదో గొప్పలా రాశారు.

సెప్టెంబర్ 29, సోమవారం

వచ్చింది. గది మధ్యలో వేశాను. మంచం గోడకు నిలబెట్టాల్సి వచ్చింది. ఇది అందులో కూర్చునే రాస్తున్నాను. తల పైకప్పుకి తాకదు. కాళ్లు చాపితే ఇంకా జానెడు మిగులుతుంది. పక్కకి... పక్కకి చెయ్యి చాపితే బట్ట.

బాగుంది. నిజంగా బాగుంది. మంచి సామాను. ఎవరికైనా చూపించాలనిపించింది. ఇంటివాళ్లావిడ అద్దె కోసం తలుపు కొట్టిందట, ఎంతసేపో మరి. చివరికి కిటికీలోంచి తొంగిచూసి, "గదిల గుడిసె ఏసినవేంది?" అంది. గుడారం అమ్మా, చూడు ఎంత తేలికో అని చెయ్యి పట్టుకుని చూపించినంత పని చేశాను. "దోమలకా?" అని అడిగి వెళ్లిపోయింది.

అక్టోబర్ 2, గురువారం. దసరా.

జమ్మి ఆకు తెచ్చి ఇంటివాళ్లకి పెట్టాను, పక్క గదిలో ఉండే మాస్టారికి పెట్టాను. ప్రతి ఏడూ పొద్దుగూకే వేళకి భాయ్ తాండూరు నుంచి ఇంత దూరం వచ్చేవాడు. "తే నా బంగారం" అని జమ్మి కోసం చెయ్యి చాపేవాడు. ఆకు చేతిలో పెడితే గుండెలకు హత్తుకునేవాడు. ఆ తర్వాత రెండో శనివారం గుట్టకి ప్రయాణం. ఎప్పుడు మొదలైందో, అదే లెక్క. బాలమ్మ గుడిసె మీద నేను పలకలు కప్పించి, భాయ్ ముందు పందిరికి టార్పాలిన్ కుట్టి, ఆఖరు బస్సు పోతే గుట్ట మీదే పడుకున్న రోజు అది. ఆ పడుకోవడం ఎంత బాగుందంటే మర్నాడు వికారాబాద్ దాకా దాని గురించే మాట్లాడుకున్నాం. పై ఏడు గుడారం కొన్నాం.

పోయిన ఏడు నేను వెళ్లలేదు.

ఒక ఆకు మిగిలింది. జేబులో ఉంది.

అక్టోబర్ 4, శనివారం

మొదటి శనివారం. వచ్చే వారం. ఫోన్ తీసి "శనివారం పోతున్న భాయ్, వస్తవా" అని కొట్టాను. చెరిపాను. "కడ్డీలు అక్కర్లేదు, నువ్వొస్తే చాలు" అని కొట్టాను. అదీ చెరిపాను. చెరపడానికి వేలు బాగా అలవాటు పడింది.

అక్టోబర్ 10, శుక్రవారం

ఈరోజు బస్టాండ్ రోడ్డు మీదుగానే నడిచాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నర. షట్టర్ దించి ఉంది. శుక్రవారం ఆ వేళ నమాజుకి పోతాడని నాకు తెలుసు. తెలిసే వెళ్లాను. ఇదీ నా ధైర్యం.

షట్టర్ పక్కన ఆటో సీటు ఒకటి ఎండకు పెట్టి ఉంది. కుట్టు చూశాను. ఎప్పటిలాగే సూటిగా ఉంది.

అక్టోబర్ 11, శనివారం

బాలమ్మ చేను పైన. పొద్దు వాలుతోంది. బంట్వారం బస్సు దిగి నడిచినంతసేపూ వీపు మీద సంచి ఉందా లేదా అన్నట్టు ఉంది. తేలిక సామానుకి ఇంత ఖర్చు ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసింది. ఉత్త చేతులతో వచ్చినట్టే ఉంది.

కంది పూతకొస్తోంది. బాలమ్మ గుడిసె ముందు మేకల్ని కట్టేస్తోంది. ముసలిది ఇంకొంచెం వంగింది.

"ఒక్కనివే వచ్చినవా అంజయ్యా? గాయినేడి?"

"రాడవ్వా."

"గట్లంటవేంది!"

ఆమె మేకల్ని తోలుకుంటూ నా ఎడమ పక్కకు పోయింది. ఏదో చెప్పింది, కాస్త పొడుగ్గానే. మేకలు అరుస్తున్నాయి. తల ఊపాను. ఆమె ముఖం విప్పారింది, చెంబుతో నీళ్లిచ్చింది. ఏదో ఆశీర్వాదం అయ్యుంటుంది.

గుడారం వేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కడినే. చెప్పినట్టే నిలబడింది. తల గుట్ట వైపు, తలుపు కుడి పక్కకి. పక్కనే పాత చోటు — రాళ్లు ఏరి చదును చేసిన జాగా ఇద్దరికి సరిపడా అలాగే ఉంది. గడ్డి మొలిచింది. అక్కడ వేయబుద్ధి కాలేదు. నాలుగడుగులు పక్కకి జరిగి వేశాను.

రెండు రొట్టెలు, ఉల్లిగడ్డ, తొక్కు. నేను చేసినవే. గట్టిగా ఉన్నాయి.

అదే రోజు, ఇంకా కాస్త వెలుతురుంది

పడుకున్నాను. చీకటి పడకముందే. చేసేదేముంది ఇక్కడ?

కుడి చెవి పైకి ఉంటే అన్నీ సగం సగం వినబడుతున్నాయి. ఆకు అలికిడా, అడుగా, నా ఊపిరా? పక్క నుంచి "నక్కలే, పండుకో" అనే గొంతు లేకపోతే ప్రతిదీ మనిషిలాగే వినబడుతుంది. ఎవరో నడిచొస్తున్నట్టు. రెండుసార్లు జిప్ తీసి చూశాను. ఎవరూ లేరు. ఎవరూ లేరని తెలిసినకొద్దీ చూడాలనిపిస్తుంది. ఏడుపొస్తోంది, వయసుకు తగనట్టు.

చాలు. కుడి చెవి కిందికి పెట్టి పక్కకి తిరుగుతాను. నేలకి ఆనిస్తే ఇక ఏ చప్పుడూ ఉండదు. నెల రోజులు తలుపు కుడికి రావాలని సతాయించింది ఇందుకేనా అంటే... ఇందుకే అనుకుందాం.

అక్టోబర్ 12, ఆదివారం

వరసగా రాస్తాను.

పొద్దున్నే గుడారం మడిచి కిందికి దిగాను. బాలమ్మ గుడిసె గోడకి ఆనించి పొడుగాటి సంచి. నీలం సంచి. భాయ్ ఆటో సీటు గుడ్డతో కుట్టిన సంచి, మూతికి ఎర్ర నాడా. చూడగానే తెలిసింది.

"ఇదెక్కడిదవ్వా?"

"గాయినదే. రాత్రి ఇడిచిపోయిండు." ఆమె నన్ను కిందా పైనా చూసింది. "మీ ఇద్దర్ల ఏమైంది అంజయ్యా?"

"భాయ్ వచ్చిండా?"

"రాక? జెప్తిని గద నీకు నిన్న. మొన్న తాండూర్ల కలిసిండు, శనివారం వస్తనన్నడు, పొద్దుగూకంగ వస్తడు అంటి. మంచిగ తలూపితివి. ఎరికే అన్నట్టు."

సంచి పక్కన కూర్చున్నాను. ఆమె ఆపలేదు. పోయిన ఏడు కూడా వచ్చాడట. ఈ కడ్డీల సంచితోనే వచ్చి, ఆ చదును చేసిన జాగాలో కూర్చుని, చీకటి పడేదాకా చూసి, నడిచి వెళ్లిపోయాడట. నా దగ్గర బట్ట ఉందని వచ్చాడు. నేను రాలేదు.

"నిన్న గూడ పైకి పోయిండు. గట్టు మీద నిలవడి పిలిచిండు. నాకు ఈడికి ఇనవడ్డది. అంజీ, అంజీ అని. నాలుగైదుపార్లు పిలిచిండు. నువ్వు పలుకపోతివి."

"గుడారం దాక వచ్చిండా?"

"వచ్చిండేమో. దిగి వచ్చి ఈడ కూసున్నడు. నీళ్లు తాగిండు. 'ఒక్కలదే తెచ్చుకున్నడవ్వా' అన్నడు. నాకేం సమజ్ గాలే. ఈ సంచి ఆనిచ్చి, 'వానికియ్యి, నాకెందుకింక' అని పోయిండు."

నాకెందుకింక.

నేను మేలుకునే ఉన్నానేమో ఆ వేళకి. కళ్లు మూసుకుని, ఉన్న ఒక్క చెవినీ మట్టిలో పెట్టి, నాకెవరూ లేరని ఏడుస్తూ ఉన్నాను. మూడడుగుల అవతల నిలబడి ఆయన పిలుస్తున్నాడు.

అదే రోజు, బస్సులో

లేపొచ్చు కదా? గుడారం పట్టుకుని కదిపితే చాలు. కదపడు. పిలిస్తే పలకని మనిషిని తాకడు ఆయన. పలకడం ఇష్టం లేదనుకున్నాడు. నా చెవి సంగతి ఆయనకి తెలియదు. తెలిస్తే కదిపేవాడు.

అక్టోబర్ 13, సోమవారం

పాత గుడారం రెండు సగాలూ ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. మంచం కింద ఒకటి, మంచం మీద ఒకటి.

అక్టోబర్ 14, మంగళవారం

స్వప్నని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. డాక్టర్ కాగితం టేబుల్ మీద పెట్టాను. "నాకు ఎడమ చెవి ఇనవడదమ్మా. సేటుకి నువ్వే చెప్పాలె."

ఆమె కాగితం ముట్టుకోలేదు.

"ఎరికే కాకా."

"ఎప్పటిసంది?"

"పరిగి పెండ్లి కాడ. మా నాయిన నీ ఎడమ పక్క కూసుని గంట సేపు ఎకరం భూమి అమ్ముతనని మాట్లాడిండు. నువ్వు సరే సరే అన్నవ్. గప్పుడే సమజైంది." కాసేపు పెన్ను తిప్పింది. "సేటుకి గూడ తెలుసు. నువ్వు పాస్ చేసిన పలకల్ని సాయంత్రం లింగప్ప మళ్ల కొట్టి చూస్తుండు, జూన్ సంది. నిన్ను తీసెయ్యమనలే ఎవరూ. నువ్వే చెప్తవని చూస్తున్నం."

కోపం రావాలి. రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది, ఒళ్లంతా. లింగప్ప నా టిఫిన్‌లోంచి తొక్కు తీసుకుంటూ ఏమీ ఎరగనట్టే ఉన్నాడు నాలుగు నెలలుగా.

జూన్ తర్వాతి పలకలన్నీ ఇంకొకరు మళ్లీ తట్టి చూశారు. పోయిన ఏడు భాభి పలక నా ఒక్కడి మాట మీద పోయింది.

అక్టోబర్ 16, గురువారం

దొడ్లో నీలం పలక ఒకటి తీసి పక్కన పెట్టాను. అదే కొలత. సుత్తి ఎడమ చేత్తో, కుడి చెవి. మోగింది. లింగప్పని పిలిచి తట్టమన్నాను. నా ఎదుటే, నా కోసం.

"మంచిగుంది అంజన్నా."

"ఇంకోపారి కొట్టు."

కొట్టాడు. ఎవరికని అడగలేదు.

అక్టోబర్ 17

భాయ్‌కి ఫోన్ చేశాను. మోగింది, మోగింది. ఎత్తలేదు.

అక్టోబర్ 19, ఆదివారం

తాండూరు ప్యాసింజర్. ఇంకా కదల్లేదు. ఒళ్లో బట్ట, కాళ్ల మధ్య కడ్డీలు. నాలుగు కిలోల రెండు వందలు, పొద్దున కిరాణా దుకాణం కాటా మీద తూచాను. ఒక్కడికి మోయడం కష్టంగానే ఉంది.

ఆదివారం పొద్దున ఆయన దుకాణం తీస్తాడు. గుమ్మానికి వీపు పెట్టి కుట్టుమిషన్ మీద కూర్చుంటాడు. ఏం చెప్పాలో రాత్రంతా పేర్చుకున్నాను. పలక గురించి, డాక్టర్ గురించి, గుట్ట గురించి. పేర్చినకొద్దీ సాకుల్లా ఉన్నాయి. ఒకసారి అబద్ధం చెప్పిన నోటితో నిజం చెబితే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను.

డాక్టర్ కాగితం తెచ్చాను. అది కూడా ఇవ్వబుద్ధి కావడం లేదు. సేటుకి సెలవు చీటీ ఇచ్చినట్టు ఉంటుంది.

ఒకటి తోచింది. కడ్డీల సంచి ఆయన కాళ్ల దగ్గర పెట్టేస్తాను. అది ఆయనది. బట్ట నా దగ్గరే ఉంచుకుంటాను. తర్వాత గుమ్మం ముందున్న బెంచీ మీద కూర్చుంటాను, ఎడమ చెవి ఆయన వైపు పెట్టి. రోడ్డు చూస్తూ. మాట్లాడను. పొమ్మంటాడో, తిడతాడో, అంజీ అంటాడో. ఏదో ఒకటి అంటాడు. నేను పలకను. మళ్లీ అంటాడు. ఈసారి నేను తల ఊపకూడదు. ఎంతసేపైనా సరే. ఆయన లేచి వచ్చి, నాకు వినబడడం లేదని తనే చూడాలి.

రాకపోతే...

జమ్మి ఆకు జేబులోనే ఉంది, ఎండి పొడి పొడి అయింది. ఎదురు సీట్లో ఎవరో వచ్చి కూర్చున్నారు. బండి కదిలింది.